డాక్టరమ్మ జవాబులు: బస్సు డ్యూటీ, నీళ్ల సీసా

ఈసారి ఎంచుకున్న మూడు ఉత్తరాలూ బెంగళూరు నుంచి వచ్చినవే, మూడూ సిటీ బస్సు గురించే. మొదటిదానికి చోటు ఎక్కువ ఇచ్చాను. మిగతా ఇద్దరూ ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది బాగేపల్లి దగ్గర పల్లె. బెంగళూరులో సిటీ బస్సు కండక్టరుగా చేస్తున్నాను. నా రూట్లో ఒక చివర పెద్ద బస్టాండు, రెండో చివర రోడ్డు పక్కన చెట్టు కింద బస్సు తిప్పుకుంటాం. అక్కడ మగవాళ్లకు గోడ చాలు. నాకు ఆ గోడా లేదు. అందుకని పొద్దున ఇంట్లో తాగిన కాఫీతో సరి, డ్యూటీ దిగేదాకా నీళ్లు ముట్టను. మాటిమాటికీ మూత్రంలో మంట వస్తోంది. మెడికల్ షాపులో అడిగి మాత్రలు వేసుకుంటే రెండు రోజులకు తగ్గుతుంది, మళ్లీ మొదలు. నెలసరి రోజుల్లో ఇంకా కష్టం. మా అత్తయ్య వేడి చేసిందంటారు, సబ్జా గింజలు నానబెట్టి ఇస్తారు. ఏం చేయమంటారు?
- పేరు వద్దు, కృష్ణరాజపురం

జవాబు: తల్లీ, అత్తయ్య ఇచ్చే సబ్జా నీళ్లు మానొద్దు. అవీ నీళ్లే కదా. కానీ నీకు వచ్చింది వేడి కాదు, ఇన్ఫెక్షన్. ఆడవాళ్లకు మూత్రనాళం సుమారు 4 సెంటీమీటర్లే ఉంటుంది. పేగుల్లో ఉండే ఈ.కోలై అనే క్రిమికి అక్కడి నుంచి మూత్రాశయం చేరడం పెద్ద ప్రయాణం కాదు. గంటగంటకూ కాకపోయినా, మూడు నాలుగు గంటలకోసారి పోస్తుంటే ఆ ధారతో పాటే క్రిములూ కొట్టుకుపోతాయి. నువ్వు నీళ్లు తాగవు, వచ్చినదాన్నీ ఆపుకుంటావు. అంటే వాటికి పిల్లాపాపలతో స్థిరపడేంత తీరిక ఇస్తున్నావన్నమాట.

నా క్లినిక్‌కు ఖాకీ బట్టల్లో వచ్చే ఆడవాళ్లు కొందరు ఉన్నారు. "నీళ్లు తాగుతున్నావా?" అని అడిగితే "తాగుతాను మేడమ్" అంటారు. పక్కన పెట్టిన సంచీలో సీసా మూత దాకా నిండుగా ఉంటుంది. ఆ అబద్ధానికి నాకు కోపం రాదు. తాగితే ఎక్కడికి వెళ్తారు?

ముందు ఒంటి సంగతి. షాపులో అడిగి మాత్రలు కొనడం ఈ రోజే ఆపెయ్. రెండు రోజులు వేసుకుని వదిలేస్తే చావకుండా మిగిలిన క్రిములు ఆ మందుకు లొంగనివిగా తయారవుతాయి. మంట ఉన్నప్పుడు, మాత్ర వేసుకోకముందే, మూత్రం కల్చర్ పరీక్షకు ఇవ్వు. ఏ మందు పనిచేస్తుందో అందులో తెలుస్తుంది. దాంతోపాటే షుగర్ కూడా చూపించుకో. మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వచ్చేవాళ్లలో తెలియకుండా దాగిన షుగర్ బయటపడటం మేం చూస్తూనే ఉంటాం. డాక్టరు ఎన్ని రోజులు చెబితే అన్ని రోజులూ మందు వాడాలి. చలితో జ్వరం వచ్చినా, నడుముకు పైన ఒక పక్క నొప్పి లేచినా, వాంతులైనా మరునాటి దాకా ఆగొద్దు. అది కిడ్నీ దాకా పాకి ఉండొచ్చు. గర్భంతో ఉంటే మంట కొంచెమైనా సరే, ఆ రోజే చూపించుకోవాలి.

నీళ్ల విషయం. ఒక్కసారిగా అర లీటరు తాగితే గంటలో ఇబ్బంది పడతావు, ఆ భయంతో మర్నాడు మళ్లీ మానేస్తావు. లేవగానే ఒక గ్లాసు తాగి, డిపోలో బస్సు ఎక్కే ముందు టాయిలెట్‌కు వెళ్లిరా. పెద్ద బస్టాండుకు చేరబోయే ముందు ఇంకో గ్లాసు. అక్కడ టాయిలెట్ ఉంది కాబట్టి ముందు అటు వెళ్లి, తర్వాతే టీకి వెళ్లు. మధ్యలో గుటక గుటకగా తాగుతూ ఉండు. డ్యూటీ దిగాక మిగతాది. మూత్రం లేత పసుపులో ఉంటే చాలినట్టు, ముదురు పసుపు అయితే చాలనట్టు. కాఫీ మూత్రాన్ని తొందర చేస్తుంది, అందుకే ఎక్కే ముందు ఒక్కటి చాలు. నెలసరి రోజుల్లో ప్యాడ్ నాలుగైదు గంటలకు మించి ఉంచకుండా మార్చుకోవాలి. ఇది చెప్పడం నాకు తేలిక, ఆ చెట్టు కింద చేయడం నీకు తేలిక కాదని తెలుసు.

అందుకే అసలు మందు నా చీటీలో లేదు, మీ డ్యూటీ చార్టులో ఉంది. రవాణా కార్మికులకు 1961లోనే మోటార్ ట్రాన్స్‌పోర్ట్ కార్మికుల చట్టం వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదని, వరసగా 5 గంటలు పనిచేయకముందే కనీసం అరగంట విరామం ఇవ్వాలని అందులో రాశారు. ఆ చట్టాన్ని ఇప్పుడు 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లో కలిపారు. రోజుకు 8 గంటల మాట అందులోనూ ఉంది. కాగితం మీద విరామం ఉన్నా, ట్రాఫిక్‌లో ఇరుక్కున్న బస్సు ఆలస్యంగా చేరితే మొదట మింగేసేది ఆ విరామాన్నే.

కాబట్టి డిపోలో రాతపూర్వకంగా అడుగు. "అసౌకర్యంగా ఉంది" అని రాస్తే ఆ కాగితం ఫైల్లోకి పోతుంది. రూటు నంబరు, ఆ చివర పేరు, అక్కడ బస్సు ఎన్నిసార్లు ఆగుతుంది, ఫారం-4లో (ట్రిప్పుల వేళలు రాసే డ్యూటీ కాగితంలో) ఎన్ని నిమిషాలు ఉన్నాయి, నిజంగా ఎన్ని దొరుకుతున్నాయి, దగ్గర్లో టాయిలెట్ ఎక్కడుంది, నడిచి వెళ్లి రావడానికి ఎంతసేపు పడుతుంది - ఇవి రాయి. అడిగేది కూడా తేల్చి రాయి: టాయిలెట్ కట్టించండి, లేదా మెట్రో స్టేషన్ ఉన్నచోటికి ఆ చివరను జరపండి, లేదా ఇంకో అయిదారు నిమిషాలు కలపండి. నీ ఒక్కదాని సంతకం చాలదు. ఆ రూట్లో తిరిగే డ్రైవర్ల చేత కూడా పెట్టించు. నీళ్లు తాగని మగవాళ్లకు కిడ్నీలో రాళ్లు వస్తాయి, వాళ్లేమీ నీ మీద దయతో సంతకం పెట్టడం లేదు. ఒక నకలు యూనియన్‌కు, ఒకటి నీ దగ్గర.

కుదరదని ఎవరైనా అంటే ఒక సంగతి గుర్తు చెయ్. 2020లో కెఎస్ఆర్టీసీ (కర్ణాటక ఆర్టీసీ) వాళ్లు పాత బస్సునొకదాన్ని ఆడవాళ్ల టాయిలెట్‌గా మార్చి మెజెస్టిక్ బస్టాండులో నిలబెట్టారు. తీసేసిన బస్సుకు ఇంతకంటే మంచి ఉద్యోగం నాకు తోచదు.

ప్రశ్న: మా ఆయనకు 46 ఏళ్లు. ఎలక్ట్రిక్ బస్సు డ్రైవరు, కంపెనీ ద్వారా కాంట్రాక్టు. రాత్రి పదకొండు దాటి ఇంటికొస్తే మళ్లీ తెల్లవారక ముందే వెళ్లాలి. గురక పెద్దది, మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడతారు. పగలు అన్నం తింటూనే కునుకు తీస్తారు. అడిగితే "బస్సులో మెలకువగానే ఉంటానులే" అంటారు.
- ఒక ఇల్లాలు, మారతహళ్లి

జవాబు: అమ్మా, మీరు చూసి చెప్పింది సగం రోగనిర్ధారణ. ఊపిరి ఆగి ఉలిక్కిపడటం స్లీప్ అప్నియా లక్షణం. నిద్రలో గొంతు దారి మూసుకుపోయి ఆక్సిజన్ తగ్గుతుంది. దాంతో బీపీ పెరుగుతుంది, ఎనిమిది గంటలు పడుకున్నా నిద్ర చాలదు. ఆయనకు ఆ ఎనిమిదీ దొరకడం లేదు. నిద్ర పరీక్ష ఉంటుంది, చేయించండి. బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం, మద్యం తాగే అలవాటుంటే మానడం కొందరికి సాయం చేస్తాయి. ఎక్కువగా ఉంటే ముక్కుకు తగిలించే సీప్యాప్ మిషన్ ఇస్తారు. చాలామంది డ్రైవర్లు ఉద్యోగం పోతుందని దాస్తారు. వైద్యం మొదలుపెట్టినవాళ్లకు పగటి కునుకు బాగా తగ్గుతుంది, దాచినవాళ్లకే ప్రమాదం.

ఇంకొకటి. 1953లో జెరెమీ మోరిస్ అనే వైద్యుడు లండన్ బస్సుల సిబ్బందిని పరిశీలించి లాన్సెట్ పత్రికలో రాశారు. రెండంతస్తుల బస్సులో మెట్లెక్కి దిగే కండక్టర్ల కంటే రోజంతా కూర్చునే డ్రైవర్లకే గుండెజబ్బులు ఎక్కువని తేలింది. ఇక్కడ 2024 నవంబరులో నెలమంగల నుంచి యశ్వంతపురం వస్తున్న బస్సులో డ్రైవరు స్టీరింగ్ దగ్గరే గుండెపోటుతో కుప్పకూలితే, కండక్టరు దూకి బస్సు ఆపి ప్రయాణికులను కాపాడాడు. కాబట్టి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, ఈసీజీ - నాలుగూ ఈ నెలలోనే. ఛాతీలో బరువు, చెమటలు వస్తే గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోకుండా నేరుగా జయదేవ లాంటి గుండె ఆస్పత్రికి. ఆయన జీతం నెలకు 21,000 రూపాయల లోపు ఉంటే ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) రావాలి. పేస్లిప్‌లో 0.75 శాతం కోత ఉందో లేదో చూడండి. ఉంటే రాజాజీనగర్ ఈఎస్‌ఐ ఆస్పత్రికి వెళ్లొచ్చు. ఇక డ్యూటీకి డ్యూటీకి మధ్య వరసగా కనీసం 9 గంటల విశ్రాంతి ఉండాలని పాత 1961 చట్టంలో ఉండేది. ఆయన డ్యూటీ దిగిన వేళ, ఎక్కిన వేళ ఒక డైరీలో రాసి ఉంచండి. అడిగే రోజు వస్తే నోటిమాట కంటే అదే పనికొస్తుంది.

ప్రశ్న: రోజూ బస్సులో ఆఫీసుకు వెళ్తాను. చిల్లర దగ్గర, ఫుట్‌బోర్డు దగ్గర కండక్టర్ల మీద జనం అరుస్తుంటారు. ప్రయాణికులుగా మేం ఏం చేయగలం?
- ఐటీ ఉద్యోగి, వైట్‌ఫీల్డ్

జవాబు: చిల్లర లేకపోతే క్యూఆర్ కోడ్‌తో కట్టెయ్యి. మీ ఇంట్లో ఆడవాళ్లకు కూడా ఒక మాట చెప్పు: 2023 జూన్ 11 నుంచి శక్తి పథకంలో ప్రయాణం ఉచితమే కానీ జీరో టికెట్ తీసుకోవాల్సిందే. అది కొట్టకపోతే చెకింగ్‌లో సంజాయిషీ చెప్పుకోవాల్సింది కండక్టరే. కాబట్టి ఎక్కగానే గుర్తింపు కార్డు చేతిలో పెట్టుకోమను. ఎవరైనా చెయ్యెత్తితే వీడియో తీస్తూ నిలబడకుండా 112కు ఫోన్ చెయ్యి, బస్సు నంబరు చెప్పు. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం ప్రకారం ప్రభుత్వ బస్సు కండక్టరు డ్యూటీలో ఉన్నప్పుడు ప్రభుత్వోద్యోగి కిందే లెక్క. కొట్టినవాడి మీద భారతీయ న్యాయ సంహిత 132వ సెక్షన్ కింద కేసు పెట్టొచ్చు, రెండేళ్ల దాకా జైలు. ఈ కేసులు సాక్షులు లేకనే నీరుగారుతుంటాయి. నీ పేరు, ఫోన్ నంబరు కండక్టరుకు రాసిచ్చి దిగు.