ఆ పార్టు దొరకదన్నారా? పేరు కాదు, నంబరు అడగండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం పాత కార్ల మీదే. అందరిదీ దాదాపు ఒకే గోడు, ‘అంతా బాగానే ఉంది, ఫలానా పార్టు ఒక్కటే దొరకడం లేదు’ అని. అందుకని మిగతా ప్రశ్నల్ని పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా తాతగారి కారు ఇరవై ఏళ్లుగా షెడ్డులోనే పడి ఉంది. బాగు చేయిద్దామని మెకానిక్‌ని పిలిస్తే పెద్ద లిస్టు రాసిచ్చాడు. ఎక్కడ అడిగినా ‘ఆ బండి పార్టులు ఎప్పుడో ఆగిపోయాయి’ అంటున్నారు. అసలు వెతకడం ఎలా మొదలుపెట్టాలి సార్?

మీరు షాపులో ఏమని అడిగి ఉంటారో నాకు తెలుసు. ‘ఫలానా కారుకి డైనమో బేరింగు ఉందా’ అని అడిగి ఉంటారు. అలా అడిగితే ఎవరైనా లేదనే అంటారు, ఎందుకంటే ఆ కారు పేరే వాళ్ల లిస్టులో ఉండదు. కానీ బేరింగుని కారు కంపెనీ తయారు చేయదు కదా. పాత బేరింగు తీసి, కిరసనాయిలుతో కడిగి, అంచు మీద చూడండి, నంబరు ఉంటుంది. 6203 అని ఉంటే లోపలి రంధ్రం 17 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 40, వెడల్పు 12. అది నీళ్ల మోటారులో ఉన్నా, మీ డైనమోలో ఉన్నా అదే కొలత. ఆయిల్ సీల్ కూడా అంతే, 35-52-7 అని ఉంటే షాఫ్టు 35, అది కూర్చునే గూడు 52, మందం 7. నంబరు అరిగిపోతే వెర్నియర్‌తో (మిల్లీమీటరులో చిన్న వంతులు కూడా చూపించే కొలత పనిముట్టు) కొలవండి. కొలత చీటీ పట్టుకుని బేరింగుల షాపుకి వెళ్తే కారు పేరు అడిగేవాడే ఉండడు.

కాబట్టి మీ మెకానిక్ లిస్టుని ముందు ఈ కంటితో చదవండి. అందులో సగం ఇలాంటి సరుకే ఉంటుంది: బేరింగులు, సీళ్లు, బెల్టులు, బల్బులు, గొట్టాలు.

మిగిలిన సగంలో చాలావరకు కార్బురేటర్, డిస్ట్రిబ్యూటర్, సెల్ఫ్ మోటారు, బ్రేకు సిలిండర్లు లాంటివి. వీటిని కూడా కారు కంపెనీలు బయట కొనేవి. లూకాస్, బాష్, గర్లింగ్, లాక్‌హీడ్, సోలెక్స్, ఎస్‌యూ లాంటి కంపెనీలు ఒకే పార్టుని పది రకాల కార్లకి ఇచ్చేవి. పార్టు మీద కారు కంపెనీ నంబరు కాకుండా ఈ తయారీదారు నంబరు కూడా ఉంటుంది, దాన్ని పట్టుకోవాలి. ఇంజిన్ల సంగతి ఇంకా విచిత్రం. బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల ఏ-సిరీస్ ఇంజిన్ 1951లో ఆస్టిన్ ఏ30తో మొదలై, మోరిస్ మైనర్‌లోకి, మినీలోకి, ఎంజీ మిడ్జెట్‌లోకి వెళ్లి, 2000లో పాత మినీ ఆగేదాకా తయారైంది. లోపల సైజులు మారాయి, అన్నీ అన్నింటికీ పట్టవు, అయినా ‘మోరిస్ మైనర్ పార్టు’ అని వెతికేవాడికి దొరకనిది ‘ఏ-సిరీస్ 948 సీసీ’ అని వెతికేవాడికి దొరుకుతుంది.

ఇంకో దారి ఉంది, చాలామందికి తట్టదు. కారు పుట్టిన దేశంలో ఎప్పుడో ఆగిపోయినా ఇంకో దేశంలో ఇంకో పేరుతో ఏళ్ల తరబడి నడిచి ఉండొచ్చు. ఫోక్స్‌వాగన్ బీటిల్ జర్మనీలో 1978లో ఆగింది, మెక్సికోలో 2003 దాకా వచ్చింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ బ్రిటన్‌లో 1959కే అయిపోయింది, ఆ డిజైనే అంబాసిడర్ అనే పేరుతో 2014 దాకా బతికింది. ఫియట్ 124కి సోవియట్ యూనియన్లో లాడాగా రెండో జన్మ వచ్చింది. అంటే మీ కారు చుట్టాలెవరో ముందు కనుక్కోవాలి. పెళ్లి సంబంధాలు చూసేవాళ్లలాగా ఆరా తీయాలి.

ఒక్క జాగ్రత్త. మోడల్ పేరూ సంవత్సరమూ కలిస్తే సరిపోదు. అప్పట్లో కంపెనీలు ఏడాది మధ్యలోనే పార్టులు మార్చేసేవి, ‘ఈ ఛాసిస్ నంబరు దాకా ఇది, అక్కడి నుంచి అది’ అని పార్టుల కేటలాగులో రాసి ఉంటుంది. నేను ఒకసారి ఇది చూసుకోకుండా, సంవత్సరం ఒక్కటే నమ్మి వెనక బ్రేకు వీల్ సిలిండర్లు తెప్పించాను. డబ్బా విప్పితే చక్కగా మెరుస్తున్నాయి, బిగిస్తే బోల్టు రంధ్రాలే కలవలేదు. అమ్మినవాడిది తప్పేం లేదు, నేను అడిగిందే పంపాడు. అప్పటి నుంచి ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు చీటీ మీద రాసి పర్సులో పెట్టుకుని తిరుగుతున్నాను.

ప్రశ్న: పదిహేనేళ్లు కదలని ఇంజిన్. కొత్త బ్యాటరీ పెట్టి ఒకసారి సెల్ఫ్ కొట్టి చూద్దామంటున్నాడు మా తమ్ముడు. కొట్టొచ్చా?

వద్దు. తమ్ముడి చేతికి తాళం ఇవ్వకండి.

అన్నేళ్లు ఆగిన ఇంజిన్లో పిస్టను రింగులు సిలిండర్ గోడకి తుప్పుతో అతుక్కుని ఉండొచ్చు, సెల్ఫ్ మోటారు బలవంతంగా తిప్పితే రింగులు విరుగుతాయి, గోడ మీద గీతలు పడతాయి. ప్లగ్గులన్నీ విప్పి, ఒక్కో రంధ్రంలో కొంచెం పెనిట్రేటింగ్ ఆయిల్ (తుప్పులోకి ఇంకి వదులు చేసే పల్చటి నూనె) పోసి కొన్ని రోజులు వదిలేయండి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్, అసిటోన్ సమంగా కలిపి పోసేవాళ్లు కూడా ఉన్నారు, పని చేస్తుంది, కానీ అసిటోన్ ఆవిరికి నిప్పు అంటుకుంటుంది, పెయింటుని కూడా తినేస్తుంది. తర్వాత క్రాంక్ పుల్లీ బోల్టుకి పానా పెట్టి చేత్తో అటూ ఇటూ మెల్లగా కదిలించండి. రాకపోతే మళ్లీ ఆయిల్ పోసి ఆగండి, పానాకి పొడుగు పైపు మాత్రం తగిలించొద్దు. చేత్తో రెండు చుట్లు సాఫీగా తిరిగాక పాత ఆయిల్ దించి కొత్తది పోయండి. ట్యాంకులో మిగిలిన పాత పెట్రోలు ఈపాటికి జిగురై ఉంటుంది, దాన్ని కూడా బయట పారబోయించి, వేరే డబ్బాతో తాజా పెట్రోలు ఇచ్చి అప్పుడు సెల్ఫ్ కొట్టండి. ఇంకో మాట, బ్రేకులు చూసుకోకుండా ఇంజిన్ స్టార్టయింది కదా అని రోడ్డెక్కకండి. ఆ సంబరంలోనే గోడలు గుద్దేది.

ప్రశ్న: అప్పట్లోనే తయారై, సీలు తీయని డబ్బాలో ఉన్న ఒరిజినల్ బ్రేకు కిట్ దొరికింది. ఇప్పటి నకలు కంటే ఇదే మంచిది కదా?

పిస్టను, గేరు, మీటరు, లైటు అద్దం లాంటివైతే కళ్లు మూసుకుని ఆ పాత స్టాకే తీసుకోండి. రబ్బరుకి మాత్రం వద్దు. రబ్బరు వాడకం వల్ల మాత్రమే పాడవదు, వయసు వల్ల కూడా పాడవుతుంది, డబ్బాకి సీలు వేసినంత మాత్రాన దాని వయసు ఆగదు. నేనూ ఇలాంటి ముచ్చటకే పోయి, సీలు వేసిన డబ్బాలోని కప్పు రబ్బర్లు వేశాను, నెల తిరక్కుండా మాస్టర్ సిలిండర్ కింద తడి మొదలైంది. డబ్బా దాచుకోండి, బొమ్మ బాగుంటుంది. రబ్బర్లు కొత్తవి వేయండి.

బ్రేకు ఆయిల్ కూడా చూసుకోండి. డబ్బా మీద ‘డాట్’ అని రకం రాసి ఉంటుంది: డాట్ 3, డాట్ 4 ఒక జాతి, డాట్ 5 సిలికాన్, అది వేరే జాతి, రెంటినీ కలపకూడదు. డాట్ 5.1 పేరు వినగానే 5కి తమ్ముడనిపిస్తుంది కానీ అది మళ్లీ 3, 4ల జాతే, ఈ పేర్లు పెట్టినవాళ్లకి దండం పెట్టాలి. పాత సిట్రాయెన్ల హైడ్రాలిక్స్ ఉంటే ఇంకా జాగ్రత్త, ఎర్ర ద్రవం కార్లు వేరు, ఆకుపచ్చ ద్రవం కార్లు వేరు, ఒకదానిది ఇంకోదాంట్లో పోస్తే లోపలి సీళ్లన్నీ పోతాయి.

పెట్రోలు గొట్టాలది కూడా ఇదే కథ. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది, పాత రబ్బరు దానికి మెత్తబడి పగులుతుంది. ఇథనాల్‌కి తట్టుకునే గొట్టం అని అడిగి మరీ కొనండి.

ప్రశ్న: మిల్లీమీటరు పానా వదులు, ఇంచీ పానా పట్టదు. నా కారు బోల్టులకి ఏం జబ్బు?

జబ్బేం లేదు, అవి విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ కొలత బోల్టులు. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజినీరు 1841లో మరల కొలతలు ఖరారు చేశాడు, మర కోణం 55 డిగ్రీలు. అమెరికా, బ్రిటన్, కెనడా 1948లో ఒప్పుకున్న కొత్త పద్ధతిలో అది 60 డిగ్రీలు. విట్‌వర్త్ పానా మీద రాసిన సైజు బోల్టు తలది కాదు, బోల్టు కాండానిది, అందుకే మీ ఇంచీ పానాలతో లెక్క కుదరడం లేదు. ఒక విట్‌వర్త్ సెట్టు కొనండి, మర కొలిచే గేజీ ఒకటి కొనండి. దగ్గరగా ఉంది కదా అని వేరే మర బోల్టు బిగిస్తే రెండు చుట్లు ఎక్కి మూడో చుట్టుకి మరలు కోసేస్తుంది.

పాత ఎంజీ టీ-సిరీస్ ఇంజిన్లలో అయితే బోల్టు మర మెట్రిక్, తల విట్‌వర్త్. మోరిస్ వాళ్లు కొన్న ఇంజిన్ల ఫ్యాక్టరీలో ఫ్రెంచి యంత్రాలు ఉండేవి, వాటికి మెట్రిక్ తప్ప రాదు, మెకానిక్కుల దగ్గరేమో విట్‌వర్త్ పానాలే ఉండేవి. అలా రాజీ పడ్డారు.

ప్రశ్న: ముందు గ్రిల్లూ, ఒక లైటు రిమ్మూ లేవు. ఎక్కడా దొరకలేదు. చేయించొచ్చా?

మీరు అడిగింది అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. ఇంజిన్ పోతే బోరింగ్ చేసి ఓవర్‌సైజు పిస్టన్లు వేయొచ్చు, బ్రేకు షూలకి కొత్త లైనింగ్ అతికించొచ్చు, అరిగిన మాస్టర్ సిలిండర్లో స్టీలు స్లీవు దించొచ్చు. గ్రిల్లు, లైటు రిమ్ములు, తలుపు పిడులు, వంపు తిరిగిన అద్దాలు మాత్రం ఆ ఒక్క కారువే. అందుకే కారు కొనేవాళ్లకి నేను ఎప్పుడూ ఒకటే చెప్తాను, ఇంజిన్ పట్టేసినా పర్వాలేదు, బయటి సామాను పూర్తిగా ఉన్న బండి కొనండి. స్టార్టయ్యే బండి అని మురిసిపోయి, గ్రిల్లు తర్వాత చూద్దాంలే అనుకున్నవాళ్లు ఏళ్ల తరబడి చూస్తూనే ఉన్నారు.

సరే, మీ దగ్గర ఇప్పటికే లేదు. ముందు ఆ మోడల్ కార్లున్న వాళ్ల క్లబ్బుల్లో అడగండి, కొనడానికి కాదు, అరువుకి. ఒకరి దగ్గర మంచి రిమ్ము రెండు వారాలకి అరువు దొరికితే దాన్ని నమూనాగా పెట్టి చేయించొచ్చు. కుడీ ఎడమా ఒకటే అయితే మీ రెండో రిమ్మే నమూనా. రేకుదైతే మంచి టింకరింగ్ మేస్త్రి చెక్క అచ్చు మీద కొట్టి చేస్తాడు. పోత పోసేదైతే ఇక్కడ ఒక మెలిక ఉంది: లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది, అల్యూమినియం నూటికి దాదాపు 1.3 వంతు. పాత పార్టునే నేరుగా అచ్చుగా వాడితే కొత్తది ఆ మేరకి చిన్నదై వస్తుంది. 200 మిల్లీమీటర్ల రిమ్ములో రెండున్నర మిల్లీమీటర్లు తేడా వస్తే అది కూర్చోదు. నమూనాని ఆ లెక్కన పెంచి చేయమని పోత పోసేవాడికి ముందే చెప్పండి.

స్కాన్ చేసి త్రీడీ ప్రింటులో తీసేవాళ్లు ఇప్పుడు పెరిగారు. పోర్షే వాళ్లే 292 కార్లు మాత్రమే చేసిన 959 మోడల్‌కి క్లచ్ రిలీజ్ లీవర్‌ని లోహంతో ప్రింటు చేసి ఇస్తున్నారు. ప్లాస్టిక్ ప్రింటుని పోతకి నమూనాగా వాడుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది, కుంచించుకుపోయే లెక్క కూడా కంప్యూటర్లోనే కలిపేయొచ్చు.

మీ దగ్గర మిగిలిన క్రోమ్ సామాను మీద చిన్న చిన్న బొబ్బలు ఉంటే అది జింకు పోత అయి ఉంటుంది. దాన్ని మామూలు ఇనుము లాగా పాలిష్ చేసి క్రోమ్ వేస్తే బొబ్బలు మళ్లీ పైకి తేలతాయి. గుంటలు శుభ్రం చేసి, రాగితో నింపి, సాపు చేసి, నికెల్ వేసి, ఆపైన క్రోమ్ వేయాలి. ‘రేపే ఇచ్చేస్తా’ అన్నవాడికి ఇవ్వకండి.

ప్రశ్న: ఫోన్లో పార్టు ఫోటో పంపి మొత్తం డబ్బు ముందే కొట్టమంటున్నాడు. నమ్మొచ్చా?

పార్టు పక్కన స్కేలు పెట్టి, కాగితం మీద మీ పేరూ ఈరోజు తేదీ చేత్తో రాసి పెట్టి ఇంకో ఫోటో తీయమనండి, పార్టు మీద పోతలోనే వచ్చిన నంబరు కనపడేలా. పార్టు నిజంగా చేతిలో ఉన్నవాడికి ఇది రెండు నిమిషాల పని. కోపం తెచ్చుకున్నాడంటే మీ డబ్బు మిగిలినట్టే.

ప్రశ్న: ఆరు వోల్టుల కారుని పన్నెండుకి మార్చేయమంటున్నారు. మార్చాలా?

ఆరు వోల్టుల బండి మసక లైటు వేస్తోందంటే ఎక్కువసార్లు తప్పు వోల్టులది కాదు, తుప్పు పట్టిన ఎర్త్ కనెక్షన్లది, సన్నటి బ్యాటరీ వైర్లది. ముందు అవి గీకి శుభ్రం చేసి, లావు కేబులు వేసి చూడండి. ఆ తర్వాత కూడా చాలకపోతే మార్చండి, కానీ తీసిన డైనమో, రెగ్యులేటరు పారేయకుండా గుడ్డలో చుట్టి పెట్టండి. ఇంకోటి, బ్యాటరీలో ప్లస్‌ని బాడీకి కలిపిన బండేమో చూసుకోండి, 1960ల దాకా చాలా బ్రిటిష్ కార్లు అంతే. అది చూడకుండా కొత్త రేడియో పెడితే అది ఒక్క పాటైనా పాడకుండానే పోతుంది.

ప్రశ్న: ఉత్సాహం కొద్దీ మొత్తం విప్పేశాను. ఇప్పుడు ఏది ఎక్కడిదో తెలియడం లేదు. టెన్షన్‌గా ఉంది.

ఇకనుంచి ఏదీ విప్పకండి. పార్టులన్నీ ఒక చోట పోగేసి, ఇంజిన్‌వి, బ్రేకులవి, తలుపులవి అని విడదీయండి, ఒక్కో దాన్ని జిప్పు కవర్లో వేసి లోపల చీటీ పెట్టండి, మార్కరుతో కవరు మీద రాస్తే గ్రీజుకి చెరిగిపోతుంది. బోల్టులని వీలైతే వాటి రంధ్రాల్లోనే రెండు చుట్లు ఎక్కించి వదిలేయండి. అదే మోడల్ నడుస్తున్న కారు ఎవరి దగ్గరైనా ఉంటే వెళ్లి బానెట్ కింద, డాష్‌బోర్డు కింద, చక్రాల వెనక ఓ వంద ఫోటోలు తీసుకోండి.

బ్రేకు డ్రమ్ములు కూడా విప్పేసి ఉంటే వాటిలోని దుమ్ముని గాలి కొట్టి ఊదొద్దు, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్లో కట్టి పారేయండి. అది అయ్యాక మొదట బిగించాల్సింది కూడా బ్రేకులే.