ఆరు సిలిండర్ల పాత పికప్ ట్రక్ కొనొచ్చా? నా అనుభవం

ప్రశ్న: డాలస్ దగ్గర ఉంటున్నాం. తోట పనికీ, సామాను మోయడానికీ పాత పికప్ ట్రక్ కొనాలని ఉంది. ఫోర్డ్ ఎఫ్-150లు రెండు చూశాను. ఒకటి 1994ది, ఆరు సిలిండర్లు, మాన్యువల్ గేర్లు. ఇంకోటి 1997ది, వి6 (ఇవీ ఆరు సిలిండర్లే, వి ఆకారంలో రెండు వరసలుగా). స్నేహితులేమో వి8, అంటే ఎనిమిది సిలిండర్లది అయితేనే కొనమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: 1994 బండి కొనండి. కింద తుప్పు లేకపోతే చాలు, ఇంకేం ఆలోచించక్కర్లేదు.

ఆరు సిలిండర్లు అనగానే బలం తక్కువని మనవాళ్ళు అనుకుంటారు. ఆ ఇంజన్ నడిపినవాళ్ళెవరూ ఆ మాట అనరు. అది 4.9 లీటర్ల ఇంజన్. ఇక్కడి పాత మెకానిక్కులు దాన్ని ఇప్పటికీ క్యూబిక్ అంగుళాల లెక్కలో ‘త్రీ హండ్రెడ్’ అనే పిలుస్తారు. ఫోర్డ్ దాన్ని 1965 మోడల్ నుంచి 1996 దాకా ట్రక్కుల్లో పెట్టింది. 1987లో కార్బురేటర్ తీసేసి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఆరు సిలిండర్లూ ఒకే వరసలో ఉంటాయి. పిస్టన్లు తిప్పే ఇరుసును, అంటే క్రాంక్‌షాఫ్ట్‌ని, ఏడు మెయిన్ బేరింగులు పట్టుకుని ఉంటాయి. టైమింగ్ బెల్టు లేదు, చైను లేదు, వాల్వుల్ని తెరిచే క్యామ్‌షాఫ్ట్ నేరుగా గేర్లతోనే తిరుగుతుంది. హార్స్‌పవర్ 150 దగ్గర ఆగిపోతుంది, నిజమే. కానీ టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, 260 పౌండ్-ఫుట్, అదీ 2,000 ఆర్‌పీఎం దగ్గరే అందుతుంది. ట్రెయిలర్ తగిలించుకుని సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు మీకు కావలసింది అదే. యూపీఎస్ కొరియర్ వాళ్ళ గోధుమరంగు వ్యాన్లలోనూ, జనరేటర్లకీ, పొలాల్లో నీళ్ళు తోడే పంపులకీ ఇదే ఇంజన్ వాడారు. మా నాన్న కృష్ణా డెల్టాలో చేలకు నీళ్ళు పెట్టిన ఆయిల్ ఇంజన్‌ ఎలాంటిదో ఇదీ అలాంటిదే: మెల్లగా తిరుగుతుంది, గంటలకొద్దీ అలాగే తిరుగుతుంది.

ఇక మైళ్ళ సంగతి. పాత బండి అనగానే అందరూ మొదట ఓడోమీటర్ చూస్తారు. ఇంత పాత బండ్ల టైటిల్ (యాజమాన్య పత్రం) మీద ఓడోమీటర్ దగ్గర ‘ఎగ్జెంప్ట్’ అని రాసేస్తారు, అంటే ఆ అంకెకు అమ్మేవాడు చట్టప్రకారం పూచీ పడక్కర్లేదు. ఆ అంకె చూసి బేరమాడేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. రెండు లక్షల మైళ్ళు తిరిగి వేళకు ఆయిల్ మార్పించుకున్న ఇంజన్, యాభై వేలే తిరిగి పదేళ్ళు చెట్టుకింద పడి ఉన్న ఇంజన్‌కన్నా వెయ్యిరెట్లు నయం. చూడాల్సింది తుప్పు. ఉత్తరాది రాష్ట్రాల్లో చలికాలం రోడ్లమీద ఉప్పు చల్లుతారు. అక్కడ తిరిగిన ట్రక్కులు పైన నిగనిగలాడుతుంటాయి, కింద ఫ్రేము పొరలు పొరలుగా ఊడుతుంటుంది. వాటికి కింద నల్లరంగు కొట్టి టెక్సస్ తెచ్చి అమ్మేవాళ్ళు ఉన్నారు. ముప్ఫై ఏళ్ళ బండికి కింద కొత్త నల్లరంగు కనబడితే ధర కూడా అడక్కుండా వచ్చేయండి.

నాదీ అదే 4.9 ఇంజన్ బండి, డాలస్ నుంచి వేకో వెళ్ళే దారిలో, హిల్స్‌బరో అవతల ఒక రైతు దగ్గర దొరికింది. పెద్దాయన, ఎనభైకి దగ్గర పడుతున్నారు. ఫోన్ చేసినప్పుడే చెప్పాను, నేను వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దని. సరేనన్నారు. తీరా నేను వెళ్ళేసరికి బానెట్ మీద చెయ్యి పెడితే వేడిగా ఉంది. పొద్దున గేటు దాకా వెళ్ళొచ్చానన్నారు. ఆయన మోసం చేస్తారని నాకు అనిపించలేదు, అయినా వేడి ఇంజన్ చాలా జబ్బులు దాచేస్తుంది. చల్లారేదాకా ఉంటానన్నాను. ఆయన ఏమీ అనుకోలేదు, చెట్టునీడకు రెండు కుర్చీలు తెచ్చారు.

ఆ ఖాళీలో బండి కిందకు దూరాను. చిన్న సుత్తితో ఫ్రేము పొడవునా తట్టుకుంటూ పోయాను. గట్టి ఇనుమైతే ఖంగుమంటుంది, పుచ్చిపోతే మొద్దుగా పలుకుతుంది. వెనక స్ప్రింగులు ఫ్రేముకు తగిలే చోట, పెట్రోల్ ట్యాంకుల పట్టీల దగ్గర, క్యాబ్ వెనక మూలల్లో, రేడియేటర్ కింద ఉండే అడ్డపట్టీ దగ్గర చూశాను. అంతా ఎర్రటి పైపై తుప్పే, లోపలికి ఎక్కడా దిగలేదు. తలుపు దగ్గర కార్పెట్ లేపి నేల కూడా చూశాను. బండి గుర్తింపు సంఖ్య (విఐఎన్)లో ఎనిమిదో అక్షరం ‘వై’ అని ఉంది, అంటే ఫ్యాక్టరీలో పెట్టింది 4.9 ఇంజనే. పైన రంగు మాత్రం ఎండకు పూర్తిగా వెలిసిపోయి ఉంది. గడ్డి మోపులు మోసీ మోసీ వెనక తొట్టి అంతా గీతలే. నేను దాన్ని లెక్కలోకే తీసుకోలేదు.

పెద్దాయన లోపల్నుంచి ఒక అట్టపెట్టె తెచ్చారు. వాటర్ పంపు, క్లచ్, రేడియేటర్, ఏది మార్చినా రసీదు దాచారు. వెనక తేదీ, మైళ్ళు పెన్సిల్‌తో రాసుకున్నారు. ఆ చేతిరాత చూశాక నాకు సగం నమ్మకం కుదిరింది.

మధ్యాహ్నానికి ఇంజన్ బాగా చల్లబడింది. తాళం తిప్పగానే అందుకుంది. మొదటి నిమిషం టిక్‌టిక్‌మని సన్నటి చప్పుడు వచ్చి, వేడెక్కేకొద్దీ ఆగిపోయింది. ఇంజన్ నుంచి పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర లీకుంటే అలాగే వస్తుంది. పొద్దుటి వేడి మీదే నడిపి ఉంటే అది నాకు తెలిసేదే కాదు. పొగ లేదు. అరగంట నడిపి ఆపి, వేడిమీదే మళ్ళీ స్టార్ట్ చేశాను. ఈ బండ్లలో స్పార్క్‌ను నడిపించే ఇగ్నిషన్ మాడ్యూల్ పాడైతే వేడిమీద మొరాయిస్తుంది, అందుకని ఈ పరీక్ష తప్పనిసరి. అది బాగానే ఉంది. దీనికి పెట్రోల్ ట్యాంకులు రెండు. తర్వాత డ్యాష్‌బోర్డ్ మీది మీట నొక్కి వెనక ట్యాంకుకు మార్చాను. రెండో మలుపు తిరక్కముందే ఇంజన్ తడబడింది. వెనక ట్యాంకు పెట్రోల్ పంపు పోయింది. ముందు ట్యాంకుకు మార్చగానే సర్దుకుంది. ఆయనకు ఆ సంగతి తెలియదు, చాలా ఏళ్ళుగా ముందు ట్యాంకుతోనే నడిపారట. పంపు, మానిఫోల్డ్ కలిపి ఐదొందలు తగ్గించమన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా తగ్గించారు. నాలుగు వేల చిల్లర డాలర్లకు బండి నాదయింది.

మీది మాన్యువల్ అన్నారు కాబట్టి ఒకటి చెప్పాలి. దానిలో ఉండేది మాజ్దా వాళ్ళ ఐదు గేర్ల బాక్స్ అయితే, వెనకవైపు పైన మూడు రబ్బరు బిరడాలు ఉంటాయి. అవి ఎండిపోయి ఆయిల్ కారుతుంది. ఎవరూ గమనించరు, చివరికి గేర్‌బాక్స్ మాడిపోతుంది. ఖర్చు కొద్ది డాలర్లే, కొన్న వెంటనే మార్పించండి. అలాగే క్లచ్ సిలిండర్ గేర్‌బాక్స్ గూడు లోపలే ఉంటుంది, అది లీకైతే గేర్‌బాక్స్ దించాల్సిందే. మిగతా పనులన్నీ మీరే చేసుకోవచ్చు. బానెట్ ఎత్తితే ఇంజన్ పక్కనుంచి నేల కనబడుతుంది. స్పార్క్ ప్లగ్గులు మార్చడానికి ఏదీ విప్పక్కర్లేదు. ఇప్పటి బండ్లలో బ్యాటరీ మార్చాలన్నా కంప్యూటర్ తగిలించమంటున్నారు. మనం డబ్బిచ్చి కొన్న వస్తువును మనల్ని ముట్టుకోనివ్వకుండా చేస్తున్నారు, నాకు అది అన్యాయంగా అనిపిస్తుంది.

పాత బండి కొంటే మనవాళ్ళ మాటలు కూడా పడాలి. మొదటిసారి దీన్ని ఒక గృహప్రవేశానికి వేసుకెళ్తే ఒకాయన పక్కకు పిలిచి, “ఉద్యోగం బాగానే ఉంది కదా అన్నా?” అని అడిగాడు. అరవై వేల డాలర్ల బండికి ఏడేళ్ళ వాయిదాలు కట్టేవాళ్ళు, అప్పు లేని బండి నడిపేవాణ్ణి చూసి జాలిపడతారు. కాలనీలో ఇళ్ళ యజమానుల సంఘాల వాళ్ళు మరీ ఘోరం. మా వీధిలో పికప్ వాకిట్లో ఆపితే ఉత్తరం వస్తుంది, దాని రెండింతలున్న ఎస్‌యూవీ ఆపితే రాదు. వినాయకచవితికి పందిరి కర్రలు, విగ్రహం, కుర్చీలు తేవాలంటే మాత్రం అందరి ఫోనూ నాకే వస్తుంది. నేను సంతోషంగానే వెళ్తాను. ఆ బండి ఉన్నది అందుకే.

కాగితాల పని సులువే. అమ్మేవాళ్ళను కూడా కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకు రమ్మనండి. టైటిల్ మార్పుకు ఇచ్చే 130-యు ఫారం మీద ఇద్దరూ సంతకాలు పెట్టాలి, పన్ను 6.25 శాతం. 2025 నుంచి టెక్సస్‌లో సొంత బండ్లకు సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు. 24 ఏళ్ళు దాటిన బండికి మీ కౌంటీలో పొగ పరీక్ష కూడా ఉండదు. అందుకే బ్రేకులు, టైర్లు మీరే చూసుకోవాలి, ఇంకెవరూ చూడరు.

1997ది వదిలేయండి. ఆ ఏడాది ఎఫ్-150 మొత్తం మార్చేసి, పాత ఇంజన్ స్థానంలో 4.2 లీటర్ల వి6 పెట్టారు. తొలి ఏళ్ళ ఆ ఇంజన్లలో భాగాల మధ్య ఉండే గాస్కెట్లు లీకై కూలెంట్ ఆయిల్లో కలుస్తుంది. ఇన్నేళ్ళుగా బతికి ఉంది కదా అంటారేమో, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో రసీదులు చూపిస్తేనే నేను నమ్ముతాను.

ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ఇది రెండో బండిగానే ఉండనివ్వండి. 1994 దానికి ఎయిర్‌బ్యాగ్ డ్రైవర్ వైపే ఉంటుంది. చిన్న క్యాబ్ అయితే వెనక సీటే ఉండదు. యాంటీలాక్ బ్రేకులు చాలావాటికి వెనక చక్రాలకే పనిచేస్తాయి, కాబట్టి వానలో ఖాళీ తొట్టితో వెళ్ళేటప్పుడు ముందు బండికి దూరంగా ఉండండి. పిల్లల్ని బడికి మీ కారులోనే దింపండి. ఎరువు బస్తాలు, ములగ మొక్కలు దీనిలో తెచ్చుకోండి.