సార్ "అయితే ఏంటి?" అని ఎందుకు రాశారు

ప్రశ్న: మేడమ్, నేను ఎంఏ తెలుగు చదువుతున్నా. కన్యాశుల్కం మీద అసైన్‌మెంట్ ఇస్తే కష్టపడి పది పేజీలు రాశా. మొదటి పేరాలో నా థీసిస్ స్టేట్‌మెంట్, అంటే వ్యాసమంతా రుజువు చెయ్యబోయే వాదన, ఇది: "కన్యాశుల్కంలో గురజాడ ఆనాటి సాంఘిక దురాచారాల్ని చాలా చక్కగా చిత్రించారు." సార్ దాని కింద ఎర్ర పెన్నుతో "అయితే ఏంటి?" అని రాసి ఇచ్చేశారు. అందులో తప్పేముంది?
– ఒక విద్యార్థిని, విజయనగరం

జవాబు: తప్పేం లేదమ్మా, చిక్కంతా అక్కడే. ఎవరూ కాదనని మాటకి పది పేజీల రుజువు ఎందుకని సార్ అడుగుతున్నారు. పైగా కన్యాశుల్కం పేరు తీసేసి ఇంకో సంస్కరణ నాటకం పేరు పెట్టినా నీ వాక్యం అలాగే నడిచిపోతుంది.

నాటకం దగ్గరికే వెళ్దాం. చిన్నపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకి కట్టబెట్టకుండా ఆపిందేంటి? ఆ పిల్ల మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి అదే ముసలాయనకి పెళ్లికూతురుగా అమ్మేశాడు, వేశ్య మధురవాణి సాయం చేసింది, అంతే, ఉపన్యాసాలు ఎవరివీ పనిచెయ్యలేదు. అటు వితంతు వివాహం గురించి తెగ మాట్లాడే గిరీశం ఆ మాటలతోనే సుబ్బి అక్క, వితంతువు బుచ్చమ్మని లేవదీసుకుపోయాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడు, నీకే ఒక ప్రశ్న తడుతుంది, దానికి నువ్విచ్చే జవాబే థీసిస్. నేనైతే ఇలా రాస్తా: "కన్యాశుల్కంలో సుబ్బిని కాపాడింది ఒక మోసం, బుచ్చమ్మని మోసం చేసింది సంస్కరణ ఉపన్యాసం, గురజాడ దురాచారాన్ని ఎంత నిలదీశారో సంస్కర్తల మాటల్నీ అంతే నిలదీశారు."

దీన్ని కాదనొచ్చు, అందుకే ఇది పనికొస్తుంది. మరి సంస్కరణవాది, లాయరు సౌజన్యారావు పంతులు సంగతేంటి అని సార్ వెంటనే అడుగుతారు, ఆయన నిజంగా మంచివాడు, బుచ్చమ్మని పూనా విడోస్ హోంకి పంపే ఏర్పాటు చేసింది ఆయనే. తప్పించుకోకుండా దీనికి ఒక రెండు పేజీలు ఇవ్వు. అసలు ఆయనకి గిరీశం గురించి నిజం తెలిసింది మగవేషంలో వచ్చిన మధురవాణి వల్లే కదా, అంటే అక్కడా పని జరిగింది వేషంతోనే! నాకు ఈ నాటకంలో బాగా ఇష్టమైన చోటు అది.

ఏ కూర్పు చదివావో కూడా చెప్పు, 1897లో అచ్చైనదీ 1909లో గురజాడ తిరగరాసిందీ ఒకటి కాదు, మధురవాణి అంతగా ఎదిగింది రెండోదాంట్లోనే.

ఇప్పుడు నీ పదో పేజీ ఆఖరి పేరా ఓసారి తీసి చూడమ్మా. రాస్తూ రాస్తూ ఆలోచన తేలేసరికి చాలామందికి అసలు వాక్యం అక్కడ పడుతుంది, నీకూ పడుంటే దాన్నే మొదటి పేజీకి తెచ్చి పెట్టు.