వాకర్ వద్దు, వంటింటి పీట చాలు

ప్రశ్న: మేడమ్, మా బాబుకు 14 నెలలు. ప్రేడర్-విల్లీ సిండ్రోమ్ (పుట్టుకతోనే కండరాల పట్టు తక్కువగా ఉండే జన్యు సమస్య) అని జన్యు పరీక్షలో తేలింది. ఇంకా ఆసరా లేకుండా కూర్చోలేడు. వారానికి మూడుసార్లు ఆటోలో ఫిజియోథెరపీకి తీసుకెళ్తున్నాం. అత్తగారు వాకర్ కొనమంటున్నారు, నువ్వులనూనె మర్దనతో కాళ్లకు బలమొస్తుందంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, ఉప్పల్, హైదరాబాద్

జవాబు: వాకర్ మాత్రం కొనకండమ్మా. అందులో పిల్లాడు నిలబడడు, సీటుకు వేలాడుతూ మునివేళ్లతో నేలను తంతాడు. నడకకు కావలసిన నడుముకు, తుంటికి పనే ఉండదు. కెనడాలో 2004 నుంచి వాటి అమ్మకమే నిషేధం.

మర్దన మానక్కర్లేదు. నూనెతో బలం రాదు గానీ ఆ పావుగంట మనకు పనికొస్తుంది. తువ్వాలు చుట్టి ఛాతీ కింద పెట్టి బోర్లా పడుకోబెట్టండి. వీపు మీరు రుద్దండి, అత్తగారిని ఎదురుగా నేల మీద కూర్చోమనండి. నానమ్మ కోసం తల ఎత్తుతాడు చూడండి, అదీ వ్యాయామం. (15వ క్రోమోజోమ్‌లో వచ్చిన ఈ తేడా చాలావరకు వంశపారంపర్యం కాదు. ఇంట్లో ‘ఎవరి వైపు నుంచి’ అన్న మాటొస్తే ఇది చెప్పండి.)

ఇక పీట. పాదాలు నేలకు పూర్తిగా ఆనేంత ఎత్తుది చాలు. మీరు వెనక కూర్చుని తుంటి దగ్గర పట్టుకోండి, చంకల కింద కాదు. కుడి మోకాలికి కాస్త అవతల స్టీలు గిన్నె పెట్టండి. దాని కోసం ఒరిగి, మళ్లీ నిటారుగా రావాలి. తర్వాత ఎడమవైపు. నాలుగైదుసార్లకే అలసిపోతాడు, ఆపేయండి. రోజులో మళ్లీ మళ్లీ చేయండి. ముందొకసారి మీ థెరపిస్టుకు చూపించండి. ఈ పిల్లలు చాలామంది రెండేళ్లు దాటాకే నడుస్తారు, టెన్షన్ పడకండి.

బిస్కెట్ ఆశ చూపి మాత్రం పాకించకండి. కొత్తలో నేనే ఒక పాపకు అలా చేశాను. మూడేళ్లు దాటాక ఆ పాప నన్ను చూస్తే చాలు, బ్యాగు వెతికేది. ఈ సిండ్రోమ్‌లో ఇప్పుడు పాలు సరిగా తాగని పిల్లలకే తర్వాత తీరని ఆకలి మొదలవుతుంది. గిన్నె చప్పుడు, చప్పట్లు చాలు.

ఈ పిల్లలకు ఇచ్చే గ్రోత్ హార్మోన్ సంగతి పిల్లల హార్మోన్ల డాక్టర్‌ని అడగండి, అది నేను చెప్పేది కాదు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని ఎన్ఐఈపీఐడీలో (మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ) పసిపిల్లలకు ఎర్లీ ఇంటర్వెన్షన్, అంటే చిన్న వయసులోనే మొదలుపెట్టే శిక్షణ, చికిత్స సేవలున్నాయి, ఒకసారి వెళ్లండి. స్నానం చేయించేటప్పుడు వెన్ను మీద ఓ కన్నేయండి. ఒకవైపు వంగినట్టు, ఒక పక్క ఎత్తుగా అనిపిస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా చూపించండి.