నాలుగు ఈసీజీలు తీయించుకున్నాక తెలిసింది

మీ వారికి ఆర్నెల్లుగా సరిగ్గా నిద్ర లేదు, పిల్లల మీద అయినదానికీ కానిదానికీ అరుస్తున్నారు, సైకియాట్రిస్ట్ దగ్గరకు వెళ్దామంటే “నాకేమన్నా పిచ్చా?” అంటున్నారని రాశారు. మగవాళ్లు ఎందుకింత మొరాయిస్తారు, దీని మీద పరిశోధనలేమైనా ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయి. ముందు నా సంగతి చెబుతాను. ఎనిమిదేళ్ల కిందట నేనూ మా ఆవిడతో అచ్చం ఆ మాటే అన్నాను.

నేను బ్యాంకులో క్యాషియర్‌ని. అప్పుడు కృష్ణా జిల్లాలో ఒక చిన్న బ్రాంచ్‌లో ఉండేవాణ్ని. సాయంత్రం క్యాష్ ఒక్కసారికే టాలీ అవుతుందని నాకో పేరు. అలాంటిది రాత్రి రెండింటికి మెలకువ రావడం, గుండె దడదడలాడటం, తెల్లారేదాకా పైకప్పు చూస్తూ పడుకోవడం మొదలైంది. ఒకరోజు అయిదు వేలు షార్టేజ్. జేబులోంచి కట్టేశాను. నెల తిరక్కుండానే ఇంకోసారి.

అప్పుడు నేను చేసిన పని గుండె డాక్టర్ల చుట్టూ తిరగడం. గుడివాడలో ఒకరు, విజయవాడలో ముగ్గురు. నాలుగు ఈసీజీలు, రెండు టూడీ ఎకోలు, ఒక టీఎంటీ. అన్నీ నార్మలే. ఆఖరాయన “గ్యాస్ అయ్యుంటుంది” అన్నారు. ఆ మాట ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. గ్యాస్ అంటే పరువుకేం కాదు, బ్రాంచ్‌లో కూడా చెప్పుకోవచ్చు.

కాబట్టి నేను సాయం అడగలేదనడానికి లేదు. వేలకు వేలు పోసి మరీ అడిగాను. కాకపోతే వేరే కౌంటర్ దగ్గర నిలబడ్డాను.

మైకేల్ ఆడిస్, జేమ్స్ మహాలిక్ అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు 2003లో రాసిన వ్యాసం తర్వాతెప్పుడో చదివితే నా కథే చదువుతున్నట్టు అనిపించింది. ‘మగవాళ్లు సాయం అడగరు’ అని ఒక్కమాటలో తేల్చేస్తే లాభం లేదంటారు వాళ్లు. ఒకే మనిషి ఒక విషయంలో అడుగుతాడు, ఇంకో విషయంలో నోరు మెదపడు. ఎక్కడ అడుగుతాడు, ఎక్కడ అడగడు అన్నది చూడమంటారు. ఇది నాలాంటి వాళ్లందరికీ వచ్చేదేనా, నాకొక్కడికేనా? నేనంటే ఏదని అనుకుంటానో దానికే దెబ్బ తగులుతోందా? తీసుకున్న సాయం తిరిగి తీర్చుకునే వీలుందా? తోటి మగాళ్లు ఏమనుకుంటారు? నా మీద నాకున్న పట్టు పోతుందా? మనసులో ఈ లెక్కలన్నీ నడుస్తాయట, మనకు తెలియకుండానే.

నన్ను కొట్టింది రెండోది. లెక్క తప్పని క్యాషియర్‌కి లెక్క తప్పుతోంది. అది ఒప్పుకుంటే ఇక నేనెవర్ని? మన దగ్గర ‘ఉద్యోగం పురుష లక్షణం’ అని చిన్నప్పుడే నూరిపోస్తారు కదా. ‘నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగాణ్ని నమ్మకూడదు’ అన్న సామెత మా తాతయ్య నోట వందసార్లు విన్నాను. ఒక్క దెబ్బకు ఇద్దరినీ నోరు మూయించే సామెత అది.

అయితే ఇక్కడ నేను అనుకున్నదానికి అడ్డం తిరిగిన సంగతి ఒకటుంది. 2017లో జోయెల్ వాంగ్ అనే సైకాలజిస్ట్ బృందం సర్వే చేసిన 78 గుంపుల్లోని 19 వేలకు పైగా మంది మీద వచ్చిన ఫలితాలన్నీ కలిపి లెక్కగట్టింది. మగతనం పేరుతో నడిచే నియమాల్లో మనసుకు చేటుతో గట్టిగా ముడిపడినవి ‘ఎవరి మీదా ఆధారపడకూడదు’ అన్నది, ఆడవాళ్ల మీద పెత్తనం, తిరుగుబోతుతనం. పనే ప్రాణం అనుకోవడానికీ మానసిక ఆరోగ్యానికీ చెప్పుకోదగ్గ సంబంధమే కనిపించలేదు. అంటే నా జబ్బు డ్యూటీ మీద ప్రేమ కాదేమో, షార్టేజ్ సంగతి ఇంట్లో చెప్పకుండా కట్టేసిన ఆ బుద్ధేమో. ఇలాంటి సర్వేలు చాలావరకు అమెరికాలో, అందులోనూ కాలేజీ కుర్రాళ్ల మీద చేసినవి. మా బ్రాంచ్‌కి అతికినట్టు సరిపోతాయని నేననను.

మీ వారి అరుపుల గురించి ఒక మాట. మామూలు లెక్కల్లో డిప్రెషన్ ఆడవాళ్లలో దాదాపు రెట్టింపు కనిపిస్తుంది. 2013లో అమెరికాలో ఒక జాతీయ సర్వే సమాచారాన్ని మళ్లీ చూశారు. ఈసారి కోపం, దూకుడు, తాగుడు లాంటివి లక్షణాల్లో చేర్చి తయారుచేసిన కొలతతో. అప్పుడు మగవాళ్లలో 26.3 శాతం, ఆడవాళ్లలో 21.9 శాతం ఆ లెక్కలోకి వచ్చారు. దిగులు మగాడిలో ఒక్కోసారి చిరాకు వేషం వేసుకుని వస్తుంది. మా పెద్దాడు ఇప్పటికీ ఆ ఏడాదిని ‘నాన్న రిమోట్ పగలగొట్టిన సంవత్సరం’ అంటాడు.

నేను దారిలో పడింది బండి మీద. మా బ్రాంచ్‌లో రిటైర్మెంట్‌కి దగ్గరపడిన సీనియర్ క్లర్క్ ఒకాయన ఉండేవారు. ఒక సాయంత్రం బస్టాండ్ దాకా దింపమన్నారు. కాలవగట్టు మీద పోతుంటే వెనక నుంచి, “ఏం తమ్ముడూ, నిద్ర పట్టట్లేదా? పిల్ల పెళ్లప్పుడు నాకూ ఇంతే. రెండేళ్లు మాత్ర వేసుకున్నా” అన్నారు. నేను రోడ్డు చూస్తున్నాను, ఆయన నా వీపు చూస్తున్నారు. ఎదురెదురుగా కూర్చుని అడిగుంటే “అబ్బే, ఏం లేదండీ” అనేవాణ్ని. ఆస్ట్రేలియాలో ‘మెన్స్ షెడ్’ అని మగవాళ్లు కలిసి వడ్రంగమో రిపేర్లో చేసుకునే చోట్లున్నాయి. మగవాళ్లు ముఖాముఖి కాదు, భుజం భుజం ఆనించి మాట్లాడుకుంటారన్నది అక్కడి మాట. నాకైతే అది నిజం.

ఆయనే డాక్టర్ పేరు చెప్పారు. ఆ వేసవంతా వాళ్ల మనవడికి లెక్కలు చెప్పాను. ఎవరూ అడగలేదు, నాకే ఊరికే తీసుకున్నట్టు ఉండకూడదనిపించింది. ఆయన బస్టాండ్ ప్రయాణం వెనక మా ఆవిడ ఫోన్ ఉందని చాలాకాలానికి గానీ తెలియలేదు. కోపం రాలేదు. మీరూ అలాంటి మనిషి ఎవరైనా ఉన్నారేమో చూడండి. మీ వారు గౌరవించేవాడు, తనకూ ఇలా అయిందని చెప్పగలిగేవాడు. మీరు వంద చెప్పినా అది భార్య మాట, ఆయన చెప్పింది అనుభవం. అన్యాయమే, కానీ పనిచేస్తుంది.

‘డిప్రెషన్’ అనకండి, ‘నిద్ర’ అనండి. మన హైదరాబాద్ చుట్టాలు అక్కడి మానసిక ఆసుపత్రిని తలచుకుని ‘ఎర్రగడ్డ’ అని జోకులేస్తారు కదా, ఆ ఒక్క మాటకు జడిసి ఆగిపోయినవాళ్లు నాకే ఇద్దరు తెలుసు. నేను వెళ్లినప్పుడు డాక్టర్ నా నాలుగు ఈసీజీలూ ఓపిగ్గా చూసి, “గుండె బాగుందని నమ్మకం కుదిరిందిగా, ఇక నిద్ర సంగతి చూద్దాం” అన్నారు. మాత్ర ఎందుకు, ఎన్నాళ్లు, ఎలా ఆపుతాం అన్నీ ముందే చెప్పారు. బండి హ్యాండిల్ నా చేతిలోనే ఉన్నట్టనిపించింది.

ఒక్క విషయంలో మాత్రం ఈ నెమ్మదితనం పనికిరాదు. ‘నేను లేకపోతేనే మీకు నయం’ లాంటి మాట ఆయన నోట వస్తే బతిమాలుతూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలిమానస్ నంబర్ 14416, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, మీరు చేసినా మాట్లాడతారు. జాతీయ నేర రికార్డుల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) లెక్కల్లో 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్నవారు 1,70,924 మంది. అందులో నూటికి 72 మంది మగవాళ్లు.

నేను పద్నాలుగు నెలలు మాత్ర వేసుకుని, డాక్టర్ చెప్పినట్టే తగ్గించుకుంటూ ఆపాను. పోయిన మార్చిలో మళ్లీ రెండు వేలు షార్టేజ్ వచ్చింది. ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పి, అన్నం తిని పడుకున్నాను.