ఈత అంతగా రానివారు స్నార్కెలింగ్ చేయవచ్చా?

నలభై దాటిన తరువాత, ఈత అంతంతమాత్రంగా వచ్చినవారు కుటుంబంతో విహారయాత్రకు వెళ్ళినప్పుడు స్నార్కెలింగ్‌కు, అంటే కళ్ళనూ ముక్కునూ కప్పే అద్దాల మాస్క్ పెట్టుకుని, నోట్లోని గొట్టంతో ఊపిరి తీసుకుంటూ, నీటి మీద తేలుతూ సముద్రం లోపలికి చూడడానికి, దిగవచ్చా అని ఒకరు అడిగారు. లైఫ్ జాకెట్ వేసుకుని, అలలు లేని చోట, పక్కన ఒక తోడుతో తప్పకుండా దిగండి. నేను మొదటిసారి సముద్రంలో ముఖం ముంచేనాటికి నా వయసు 43 ఏళ్ళు. అప్పుడు కూడా పిల్లల్ని కనిపెట్టుకుని ఉండడానికే పడవ ఎక్కాను.

మొదటి పావుగంట భయంతోనే గడిచింది. అద్దెకు తీసుకున్న మాస్క్ ముఖానికి అతుక్కోక ఉప్పునీరు ముక్కు దాకా వచ్చింది. గొట్టంలో మోగే నా ఊపిరి చప్పుడుకే గుండె దడదడలాడింది. ఇక పడవ ఎక్కేద్దామనుకుంటుండగా మా పన్నెండేళ్ళ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, పీల్చడం గురించి ఆలోచించకు, నెమ్మదిగా పూర్తిగా వదులు చాలు" అంది. గాబరాగా పైపైన ఊపిరి తీస్తే మనం వదిలిన గాలే గొట్టంలో మిగిలి మళ్ళీ లోపలికి వస్తుందని, అందువల్లే ఆయాసం పెరుగుతుందని నాకు తరువాత తెలిసింది. స్నార్కెలింగ్‌లో నేర్చుకోవలసిన విద్య అంటూ ఉంటే అది ఊపిరి వదలడమే, ఈత కాదు.

ఊపిరి కుదుటపడ్డాక చెవులు పనిచేయడం మొదలుపెట్టాయి. నూనెలో ఆవాలు చిటపటలాడుతున్నట్టు చుట్టూ ఒకటే శబ్దం. అది పగడపు దిబ్బల్లో దాగి ఉండే ఒక జాతి చిన్న రొయ్యలు కొండిని టక్కున మూసినప్పుడు పుట్టే చప్పుడట. దాని మధ్యలో కరకరమని మరో శబ్దం వినిపించి కిందికి చూస్తే, చిలుక ముక్కులాంటి నోరున్న ప్యారట్‌ఫిష్ ఒకటి రాతిమీది నాచును గీకి తింటోంది. కాసేపటికి దాని తోక దగ్గర తెల్లని ఇసుక పొగలా విడిపోయింది. అది నాచుతోపాటు కొరికిన పగడపు రాయి దాని కడుపులో నలిగి, అలా ఇసుకగా బయటికి వస్తుంది. పొద్దున మేము చెప్పులు లేకుండా నడిచిన తీరంలో ఆ ఇసుక ఎంత ఉందో అనుకుంటూ, ఆ ఒక్క బండ మీదే అరగంట తేలుతూ ఉండిపోయాను. నీటిలో వస్తువులు ఉన్నదానికంటే మూడో వంతు పెద్దగా, పావు వంతు దగ్గరగా కనిపిస్తాయి కాబట్టి, ఆ చేప నా అరచేతి కిందే ఉన్నట్టనిపించింది.

అందుకే గంటలో నాలుగు చోట్లు చూపిస్తామని తొందరపెట్టే పడవల మీద నాకు కోపం. ఆ తొందరలో అలసినవాళ్ళు పగడాల మీద నిలబడతారు. అది రాయి కాదు, లెక్కలేనన్ని చిన్న జీవులు కలిసి కట్టుకున్న ఇల్లు. బండలాంటి పగడాలు చాలావరకు ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటుగా మాత్రమే పెరుగుతాయి. ఎండకు రాసుకునే సన్‌స్క్రీన్ సంగతీ అంతే: పగడాలకు హాని చేస్తాయని ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ అనే రసాయనాలు కలిసిన సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని అమెరికాలోని హవాయి రాష్ట్రం 2021 నుంచి నిషేధించింది. అందుకే నేను నిండు చేతుల ఈత చొక్కా వేసుకుంటాను.

మాస్క్‌ను పట్టీ వేయకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చి చూడండి. చెయ్యి తీసినా జారకపోతే అది మీకు సరిపోయినట్టే. నీటిలోకి దిగాక ఒక్క బండను ఎంచుకుని దాని పైనే తేలుతూ ఉండండి. మీవాళ్ళు పడవలోంచి పిలుస్తారు; ఇంకో ఐదు నిమిషాలు అడగండి.