చెరోకీ బుట్టకు అంత ధర ఎందుకు?

అమెరికాలో స్మోకీ మౌంటెన్స్ చూడ్డానికి వెళ్లి, అక్కడి ఆదివాసులైన చెరోకీల ఊళ్లో బుట్ట ధర చూసి వెనక్కి పెట్టేశామని రాశారు. ఆ రంగులు నిజంగా చెట్ల వేళ్లతో వేసినవేనా అని కూడా అడిగారు.

వేళ్లతో వేసినవే. నేను మేదరి ఇంట్లో పుట్టాను. తాతయ్య వెదురు చీలుస్తుంటే పక్కనే కూర్చుని పెరిగాను. ఆ ఊరున్న నార్త్ కరోలినాలోనే ఒక చెరోకీ ఆవిడ బుట్ట అల్లుతుంటే చూశాను, అక్కడి నుంచి కాళ్లు కదల్లేదు.

వాళ్ల రివర్ కేన్ మన వెదురుకు చుట్టమే. ఆవిడ సన్నటి గడను నాలుగుగా చీల్చి, లోపలి మెత్తని భాగం కత్తితో ఒలిచేసి, మెరిసే పైపొర మాత్రం ఉంచుకున్నారు. తర్వాత అంచులు గీసి బద్దలన్నీ ఒకే వెడల్పుకు తెచ్చారు. అప్పటికి అల్లిక ఇంకా మొదలే కాలేదు!

ఇక రంగు. బ్లాక్ వాల్‌నట్ చెట్టు వేళ్లతో కలిపి బద్దల్ని గంటల తరబడి ఉడికిస్తే ముదురు గోధుమరంగు పడుతుంది. బటర్‌నట్‌ చెట్టు వేళ్లతో నలుపు వస్తుంది. బ్లడ్‌రూట్ దుంప విరిస్తే నెత్తురులాంటి రసం కారుతుంది, బద్దకు పట్టాక అది నారింజ రంగు. ఏది కొన్నా ఎండ పడే కిటికీలో మాత్రం పెట్టకండి.

పైగా గడ దొరకడమే కష్టం. ఒకప్పుడు ఏటి ఒడ్డుల్లో దట్టంగా ఉన్న ఆ పొదల్ని పొలాల కోసం నరికేశారు. 1838లో చెరోకీల్లో ఎక్కువమందిని ఓక్లహోమా వైపు బలవంతంగా తరిమేశారు. అక్కడ వాళ్లు గడకు బదులు బక్‌బ్రష్, హనీసకుల్ తీగలతో అల్లుకున్నారు.

అన్నిటికంటే కష్టమైంది డబుల్ వీవ్. లోపలి అడుగు దగ్గర మొదలుపెట్టి, గోడలు పైకి అల్లి, అంచు దగ్గర బద్దల్ని వంచి, బయటివైపు కిందికి అల్లుకుంటూ వస్తారు. ఒకదానిలో ఒకటి, రెండు బుట్టలు! లోపల తడిమినా బయట తడిమినా నున్నటి వైపే చేతికి తగులుతుంది. ఈ విద్య దాదాపు మరుగున పడిపోతే, 1940ల్లో చెరోకీ అల్లికగత్తె లోటీ స్టాంపర్ గారు బ్రిటిష్ మ్యూజియంలోని పాత బుట్ట ఫోటో చూసి మళ్లీ నేర్చుకుని, పిల్లలకు నేర్పారు.

కొనాలనుకుంటే అక్కడి క్వాలా ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ మ్యూచువల్‌కి వెళ్లండి. 1946 నుంచి ఉన్న కళాకారుల సహకార సంఘం అది. ఎవరు అల్లారు, ఏ రంగు వాడారు అని అడగండి. నేను వైట్ ఓక్ చెట్టు బద్దలతో అల్లిన చిన్న బుట్ట తెచ్చుకున్నాను.

డబుల్ వీవ్ ఫోటో తాతయ్యకు పంపితే జూమ్ చేసి చూసి వెంటనే ఫోన్ చేశారు: "అంచుకు కట్టు ఏదిరా? ఎక్కడ ముగించారు వీళ్లు?"